తోక దగ్గర కొరుక్కోవడం ఆగడం లేదా? ఫ్లీ కాటు అలర్జీని ఇంట్లో ఎలా ఆపాలి, మొదటి నుంచి చివరి వరకు

మా రాణి వీధికుక్క పిల్ల. వానలో తడుస్తూ మా అపార్ట్‌మెంట్ మెట్ల కింద దొరికింది, అప్పటి నుంచి ఇంట్లోనే పెరిగింది. నాలుగేళ్లు వచ్చేదాకా చర్మం మీద మచ్చ లేదు. ఒక ఆగస్టు నెలలో ఉన్నట్టుండి తోక మొదట్లో కొరుక్కోవడం మొదలుపెట్టింది, అది కూడా మొక్కజొన్న పొత్తు మీద గింజలు కొరికినట్టు ముందు పళ్లతో టకటకా, రాత్రి రెండింటికి లేచి మరీ. నెల తిరిగేసరికి నడుము మీద అరచెయ్యంత మేర బొచ్చు ఊడిపోయి చర్మం ఎర్రగా పచ్చిపుండులా తయారైంది. మేము చికెన్ మానేసి పెరుగన్నం పెట్టాం, షాంపూ మార్చాం, మా అమ్మ వేపాకూ పసుపూ నూరి పూసింది. ఒంటి మీద పురుగులేమైనా ఉన్నాయా అని వెతికితే ఒక్కటీ కనబడలేదు కాబట్టి ఆ సంగతి పక్కన పెట్టేశాం. అక్కడే పొరపాటు చేశాం, అసలు కారణం ఫ్లీ అనే రక్తం తాగే చిన్న పురుగు కాటుకి వచ్చిన అలర్జీ. డాక్టర్ గారు ఒక తెల్ల కాగితం, నాలుగు చుక్కల నీళ్లతో రెండు నిమిషాల్లో తేల్చిన విషయానికి మేము రెండు నెలలు పోగొట్టాం. ఆ రెండు నెలలూ అది సరిగ్గా నిద్రపోలేదు.

ఇంకో ఇంట్లో ఇంకో కుక్క, ఇంకో పిల్లి అలా నిద్ర లేకుండా గడపకూడదని ఇంత వివరంగా రాస్తున్నాను. ఓపిగ్గా చివరిదాకా చదవండి, ఎందుకంటే మధ్యలో ఆపేస్తే సగం పనే అవుతుంది, ఈ విషయంలో సగం పని చేసినా అసలు చేయకపోయినా ఒకటే.

ముందు శత్రువు ఎవరో తెలుసుకోండి

మన ఇళ్లలో కుక్క మీద కనబడే ప్రతి పురుగునీ పేలు అనో గోమార్లు అనో అనేస్తాం. గోమారి, అంటే టిక్, చర్మానికి అతుక్కుని కూర్చుని రక్తం తాగి శనగగింజలా ఉబ్బుతుంది, అది కంటికి బాగా కనబడుతుంది. ఫ్లీ వేరు. అది రెండు మూడు మిల్లీమీటర్లు ఉంటే ఎక్కువ, ముదురు గోధుమ రంగు, రెక్కలుండవు, ఇరుపక్కలా నొక్కినట్టు పల్చగా ఉండి బొచ్చు మధ్య చకచకా జారిపోతుంది, పట్టుకోబోతే దూకేస్తుంది. కుక్కల మీదా పిల్లుల మీదా ఎక్కువగా ఉండేది ఒకే రకం, పేరుకి పిల్లి ఫ్లీ అంటారు కానీ కుక్కనీ వదలదు.

ఇది కుట్టేటప్పుడు దాని లాలాజలం చర్మంలోకి వెళ్తుంది. ఆ లాలాజలంలో ఉండే ప్రోటీన్లే అలర్జీ పుట్టిస్తాయి. అలర్జీ లేని కుక్క మీద యాభై ఫ్లీలు ఉన్నా అప్పుడప్పుడూ గోక్కుని ఊరుకుంటుంది. అలర్జీ ఉన్న కుక్కకి ఒకటి రెండు కాట్లు చాలు, ఆ దురద రోజుల తరబడి, ఒక్కోసారి వారం దాటి కూడా ఉంటుంది. అంటే కుట్టిన ఫ్లీ ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది, మీ కుక్క మాత్రం ఇంకా గోక్కుంటూనే ఉంటుంది. పిల్లుల సంగతి ఇంకా కష్టం, రోజంతా ఒళ్లు నాకి శుభ్రం చేసుకుంటాయి కదా, ఉన్న ఫ్లీలను అవే మింగేస్తాయి, మనం వెతికేటప్పటికి సాక్ష్యమే ఉండదు. కాబట్టి "నాకు ఒక్కటీ కనబడలేదు" అన్న మాటని రుజువుగా తీసుకోకండి.

మొదటి పని: ఎక్కడ గోక్కుంటోందో గమనించండి

కుక్కల్లో ఈ అలర్జీ గుర్తు చాలా స్పష్టంగా ఉంటుంది. నడుము దగ్గర నుంచి తోక మొదలు వరకు, తొడల వెనక భాగం, గజ్జలు, పొట్ట కింద. వీపు వెనక సగం మీద ఒక త్రికోణం గీసినట్టుగా అక్కడే బొచ్చు పల్చబడుతుంది, ఎర్ర పొక్కులు, పక్కులు కడతాయి. నెలల తరబడి వదిలేస్తే అక్కడి చర్మం మందంగా, నల్లగా, ఏనుగు తోలులా ముడతలు పడుతుంది. పాదాలు నాకడం, చెవులు గోకడం, మూతి నేలకి రాయడం ఎక్కువగా ఉంటే తిండి అలర్జీనో, దుమ్ము పుప్పొడి వల్ల వచ్చే అలర్జీనో కావచ్చు. రెండూ కలిసి ఉండే కుక్కలూ ఉన్నాయి, అందుకే చివరి మాట డాక్టర్‌దే.

పిల్లుల్లో చూపు కంటే వేలికొసలు బాగా పనిచేస్తాయి. మెడ చుట్టూ, వీపు మీద బొచ్చులోకి వేళ్లు పోనిచ్చి నెమ్మదిగా తడమండి, రాగి గింజలంత చిన్న చిన్న పక్కులు గరుగ్గా తగిలితే అనుమానించాల్సిందే. కొన్ని పిల్లులు గోక్కోవు, దాక్కుని నాకుతూనే ఉంటాయి, పొట్ట మీదో తొడల లోపలో బొచ్చు నున్నగా పోతుంది, మనం అదేదో ముసలితనం అనుకుంటాం.

రెండో పని: తడి కాగితం పరీక్ష

దీనికి మన ఇళ్లలో దొరికే పేల దువ్వెన చాలు, పళ్లు దగ్గర దగ్గరగా ఉన్నది. ఒక తెల్ల కాగితం లేదా టిష్యూ తడిపి కింద పరచండి. తోక మొదట్లో, తొడల మధ్య, మెడ కింద చర్మానికి ఆనించి దువ్వి, దువ్వెనకి వచ్చిన నల్లటి పొడిని ఆ తడి కాగితం మీద రాల్చండి. ఒక నిమిషం ఆగండి. మట్టి అయితే నల్లగానో బూడిద రంగులోనో ఉండిపోతుంది. ఆ నల్ల రేణువు చుట్టూ ఎర్రటి గోధుమ రంగు పాకితే అది ఫ్లీ రెట్ట, అంటే అరిగిన రక్తం. ఒక్క రేణువు అలా మారినా చాలు. పక్కనే సబ్బు నీళ్ల గిన్నె పెట్టుకోండి, బతికున్న ఫ్లీ ఏదైనా దువ్వెనకి చిక్కితే అందులో ముంచేయాలి, గోటితో నలపడం దాదాపు అసాధ్యం, జారి దూకేస్తుంది.

కాగితం మీద ఏమీ రాకపోయినా ఊరట చెందకండి. నిన్ననే స్నానం చేయించి ఉంటే, లేదా బాగా నాక్కునే జంతువైతే రాకపోవచ్చు. అలాంటప్పుడు డాక్టర్లు కూడా గట్టిగా ఫ్లీ మందు వాడి చూసి, దురద తగ్గితే అదే అని తేల్చుకుంటారు.

మూడో పని: డాక్టర్ దగ్గరికి వెళ్లండి, ఈ లోపు ఇవి చేయకండి

దురద వల్ల వచ్చే పుండు తనంతట తాను మానదు. గోకిన చోట బ్యాక్టీరియా చేరుతుంది, కుక్కల్లో ఒక్క రాత్రిలో తడితడిగా చీము కారే పుండు లేస్తుంది, హాట్ స్పాట్ అంటారు. డాక్టర్ చర్మం గీకి గజ్జి పురుగు ఉందేమో మైక్రోస్కోప్‌లో చూస్తారు, ఇన్ఫెక్షన్ ఉంటే దానికి మందిస్తారు, దురద ఆపడానికి కొన్నాళ్లు ప్రెడ్నిసోలోన్ లాంటి స్టెరాయిడో, ఏడాది దాటిన కుక్కలకైతే ఆక్లాసిటినిబో రాస్తారు. స్టెరాయిడ్ అనగానే భయపడి రెండు రోజులకే ఆపేయకండి, డాక్టర్ చెప్పిన లెక్క ప్రకారం తగ్గిస్తూ రావాలి. ఆ రోజుల్లో నీళ్లు ఎక్కువ తాగుతుంది, మాటిమాటికీ బయటికి తీసుకెళ్లమంటుంది, ఆకలి పెరుగుతుంది, అది మామూలే. ఇంకొక మాట, దురద మందు దురదనే ఆపుతుంది. ఫ్లీలు అలాగే ఉంటే మందు అయిపోయిన వారానికి కథ మళ్లీ మొదటికి వస్తుంది. మా అత్తయ్య వాళ్ల లాబ్రడార్‌కి ఏడాదిలో ఎన్నోసార్లు ఇంజెక్షన్లు పడ్డాయి కానీ ఇంటి గురించి ఒక్కరూ ఆలోచించలేదు.

దగ్గర్లో క్లినిక్ లేకపోతే ప్రభుత్వ పశువైద్యశాలలో అడగండి. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం వెటర్నరీ కాలేజీల ఆసుపత్రుల్లో కూడా కుక్కల్నీ పిల్లుల్నీ చూస్తారు.

ఇక చేయకూడనివి. కిరోసిన్ పూయొద్దు. ఫినాయిల్ నీళ్లతో కడగొద్దు, పిల్లులకైతే అది విషం. పంటలకి కొట్టే మందు నీళ్లలో కలిపి పోయడం, గమాక్సిన్ అనే పురుగుమందు పొడి చల్లడం మన ఊళ్లలో ఇప్పటికీ చూస్తున్నాను, దయచేసి ఆపండి, అవి చర్మంలోంచీ నాకినప్పుడు నోట్లోంచీ లోపలికి వెళ్తాయి. టీ ట్రీ ఆయిల్ వద్దు. వెల్లుల్లి తినిపిస్తే పురుగులు పోతాయన్న మాట నమ్మి పెట్టకండి, కుక్కలకీ పిల్లులకీ వెల్లుల్లి, ఉల్లి రెండూ రక్తకణాలను దెబ్బతీస్తాయి. మనం వాడే ఆయింట్‌మెంట్ పూస్తే అది నాకి మింగుతుంది. నొప్పిగా ఉందేమోనని పిల్లికి పారాసెటమాల్ ఇస్తే ప్రాణమే పోవచ్చు. వేపాకు పసుపు ముద్ద గురించి కూడా నిజాయితీగా చెప్తాను, మా రాణికి పూసిన కాసేపు చల్లగా ఉండి ఊరట కలిగిందేమో కానీ ఫ్లీలు పోలేదు, దాన్నే నమ్ముకోవడం వల్ల కాలం పోయింది.

ఇంట్లో మీరు చేయగలిగింది, డాక్టర్‌ని చూసేలోగా పుండు చుట్టూ బొచ్చు జాగ్రత్తగా కత్తిరించి, ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్లతో తుడిచి ఆరనివ్వడం, కొరకకుండా మెడకి కోన్ (గరాటులా ఉండే ప్లాస్టిక్ పట్టా) కట్టడం, గోళ్ల కొసలు కత్తిరించడం. చల్లటి నీళ్లతో స్నానం కూడా దురదకి కాస్త ఉపశమనం.

నాలుగో పని: ఒంటి మీది ఫ్లీలను చంపే మందు

ఇప్పుడు దొరికే మందుల్లో నోటిద్వారా ఇచ్చే నమిలే మాత్రలు అలర్జీ ఉన్న కుక్కలకి బాగా పనికొస్తున్నాయి. అఫాక్సోలానర్, సారోలానర్ ఉన్నవి నెలకొకసారి, ఫ్లూరలానర్ ఉన్నది ఫ్లీలకి దాదాపు 12 వారాలు. మందు రక్తంలో ఉంటుంది కాబట్టి ఫ్లీ చావాలంటే కుట్టాల్సిందే, అయినా కొన్ని గంటల్లోనే చనిపోతుంది, గుడ్లు పెట్టే అవకాశం ఉండదు, అసలు లాభం అదే. ఫిట్స్ వచ్చిన చరిత్ర ఉన్న కుక్క అయితే ముందే డాక్టర్‌కి చెప్పండి, ఈ రకం మందుల వల్ల కొన్ని జంతువుల్లో వణుకు, ఫిట్స్ రావచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో హెచ్చరించింది. చాలా కుక్కలకి ఏమీ కాదు, కానీ ఆ చరిత్ర దాచిపెట్టకూడదు.

మెడ మీద వేసే చుక్కల మందులు, ఫిప్రోనిల్, సెలమెక్టిన్ లాంటివి, ఇంకో దారి. వీటిలో ఎక్కువమంది చేసే తప్పు బొచ్చు మీద పోయడం. రెండు భుజాల మధ్య నాకలేని చోట బొచ్చు పాయ తీసి, చర్మం కనబడ్డాక చర్మం మీదే వేయాలి. వేయడానికి రెండు రోజుల ముందు, వేశాక రెండు రోజులు స్నానం వద్దు, ఎందుకంటే చాలా చుక్కల మందులు చర్మం మీది నూనెతో పాటే ఒళ్లంతా పాకుతాయి. ఫ్లీ షాంపూ ఆ రోజు ఒంటి మీద ఉన్నవాటిని చంపుతుంది, మర్నాడు కొత్తవి ఎక్కుతాయి, అందుకని దాన్ని నమ్ముకోవద్దు.

మోతాదు బరువుని బట్టి. ఇంట్లో బరువు చూసే మిషన్ ఉంటే కుక్కని ఎత్తుకుని ఒకసారి, మీరు ఒక్కరే ఒకసారి నిలబడి తీసివేస్తే సరిపోతుంది. పెద్ద కుక్క కోసం ఉన్న చుక్కల మందు గొట్టం (పైపెట్) కొని రెండు చిన్న కుక్కలకి పంచడం లాంటి పొదుపు వద్దు. కుక్కపిల్లలకి, పిల్లికూనలకి, చూలుతో ఉన్నవాటికి అన్ని మందులూ సరిపడవు, డబ్బా మీద వయసు, కనీస బరువు చదవండి. మరీ చిన్న కుక్కపిల్లల, పిల్లికూనల మీద ఫ్లీలు ఎక్కువగా ఉండి చిగుళ్లు తెల్లగా పాలిపోతే రక్తం తగ్గిపోయిందని అర్థం, ఆ రోజే పరుగెత్తాలి.

పిల్లి ఉన్న ఇంటికి ఒకే ఒక్క హెచ్చరిక

కుక్కల మందు పిల్లికి వేయకండి. కుక్కల కోసం తయారైన కొన్ని చుక్కల మందుల్లో, పౌడర్లలో పెర్మెత్రిన్ ఉంటుంది, పిల్లి శరీరం దాన్ని విడగొట్టలేదు, కొద్ది గంటల్లో వణుకు, ఫిట్స్, మరణం. మెడికల్ షాపతను "రెండిటికీ ఒకటే సార్" అన్నా నమ్మకండి, డబ్బా మీద పిల్లి బొమ్మ, పిల్లి బరువు ఉంటేనే. కుక్కకి అలాంటిది వేసినా ఆరేదాకా పిల్లిని దగ్గర పడుకోనివ్వకూడదు. పొరపాటున పడితే గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్‌తో కడిగి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి, తగ్గుతుందేమో అని ఎదురు చూడొద్దు.

ఐదో పని: ఇల్లు (అందరూ వదిలేసేది ఇదే)

ఈ మొత్తంలో మీరు ఒక్క భాగమే గుర్తుపెట్టుకుంటే ఇది గుర్తుపెట్టుకోండి. కుక్క ఒంటి మీద కనబడే పెద్ద ఫ్లీలు మొత్తం సంతానంలో సుమారు 5 శాతమే. మిగతా అంతా గుడ్లు, పిల్ల పురుగులు, గూడు కట్టుకున్న ప్యూపాలుగా మీ ఇంట్లో ఉంటుంది. ఆడ ఫ్లీ మొదటిసారి రక్తం తాగిన ఒకటి రెండు రోజుల్లోనే గుడ్లు మొదలుపెట్టి రోజుకి 40, 50 వరకు పెడుతుంది. ఆ గుడ్లు జిగురుగా ఉండవు, ఉప్పు రవ్వల్లా జారిపోతాయి, అంటే కుక్క ఎక్కడెక్కడ పడుకుంటే అక్కడ చల్లుకుంటూ పోయినట్టే. పిల్ల పురుగు వెలుతురుకి భయపడుతుంది, సోఫా సందుల్లోకి, మంచం కిందికి, గోనెపట్టా అడుగుకి వెళ్లిపోయి అక్కడ రాలిన రెట్ట తిని పెరుగుతుంది. తర్వాత గూడు కట్టుకుంటుంది, ఆ గూడులోకి ఏ స్ప్రే సరిగ్గా వెళ్లదు. లోపల వారం రెండు వారాల్లో బయటికి రావచ్చు, లేదా నెలల తరబడి అలాగే ఆగిపోవచ్చు, అడుగుల చప్పుడు, ఒంటి వేడి, ఊపిరి తగిలితేనే బయటికొస్తుంది. సంక్రాంతికి ఊరెళ్లి పది రోజుల తర్వాత తాళం తీసి లోపలికి అడుగు పెట్టగానే చీలమండల చుట్టూ ఎర్ర దద్దుర్లు లేచాయని కొందరు చెప్తుంటారు, అందులో వింతేమీ లేదు, అవి మీ కోసమే ఎదురు చూశాయి.

మన ఇళ్లకి ఒక అదృష్టం, గోడ నుంచి గోడకి కార్పెట్లు ఉండవు. గచ్చు, టైల్స్ రోజూ తుడుస్తాం. కానీ కుక్క పడుకునే బొంత, కాళ్లు తుడుచుకునే పట్టా, సోఫా, కారు వెనక సీటు, చెప్పుల స్టాండ్ కింద, పాత ఇళ్లలో గచ్చు పగుళ్లు, ఇవన్నీ వాటి ఊళ్లే. ఇలా చేయండి:

- పడక గుడ్డలు, దిండ్ల గలీబులు, కుక్క ఎక్కే దుప్పట్లు వారానికోసారి చెయ్యి పెట్టలేనంత వేడి నీళ్లలో నానబెట్టి ఉతికి మంచి ఎండలో ఆరేయండి. గుడ్డల్ని ఈడ్చుకుంటూ తీసుకెళ్లకండి, గుడ్లు దారి పొడుగునా రాలతాయి, నాలుగు కొసలూ మడిచి మూటలా ఎత్తండి.
- వ్యాక్యూమ్ ఉంటే సోఫా సందులు, మంచం కింద, గోడ మూలలు రోజు విడిచి రోజు లాగండి, ఆ చెత్తని వెంటనే కవర్‌లో కట్టి బయట పడేయండి. లేకపోతే ముందు తడిగుడ్డ, తర్వాత చీపురు, పొడి చీపురు ఒక్కటే అయితే దుమ్ముతో పాటు గుడ్లనీ మూలలకి నెడుతుంది.
- బాగా పాతబడ్డ బొంత అయితే ఉతకడం కంటే తీసేయడం నయం.

స్ప్రే కొట్టించాలనుకుంటే పెస్ట్ కంట్రోల్ వాళ్లకి బొద్దింకలని కాకుండా ఫ్లీలని స్పష్టంగా చెప్పండి, పిల్ల పురుగు ఎదగకుండా ఆపే మెథోప్రీన్ లేదా పైరిప్రాక్సిఫెన్ ఉందా అని అడగండి. ఆరేదాకా జంతువులు, పిల్లలు బయటే. ఇంట్లో చేపల తొట్టి ఉంటే మూసి, గాలి మోటారు ఆపాలి లేదా తొట్టినే వేరే చోటికి మార్చాలి, చేపలు ఈ మందులకి తట్టుకోలేవు.

బయట సంగతి. మండుటెండ తగిలే చోట పిల్ల పురుగులు బతకవు. మెట్ల కింద, పార్కింగ్‌లో కారు నీడన, కుండీల వెనక, కట్టే ఇంటి ముందు ఇసుక కుప్ప నీడ పక్క, వీధి కుక్కలు పడుకునే చోట్లు ఇవే. తేమ, 20 నుంచి 30 డిగ్రీల వేడి వాటికి పండగ, అందుకే జూన్ వానల నుంచి పండగల దాకా మన దగ్గర ఈ బాధ ముదురుతుంది, విశాఖ, కాకినాడ వైపు తేమకి ఏడాది పొడుగునా వదలదు. మా కింద వీధి కుక్కలు రెండున్నాయి, డాక్టర్‌ని అడిగి వాటికీ అన్నంలో మాత్ర పెడుతున్నాం. అందరికీ కుదరకపోవచ్చు, కుదిరితే మీ కుక్కకీ వాటికీ ఇద్దరికీ మేలు.

ఆరో పని: మూడు నెలలు, ఇంట్లో ఉన్న అన్నిటికీ

గోక్కునే ఒక్కదానికే మందు వేస్తే లాభం లేదు. గోక్కోని పిల్లి, గోక్కోని రెండో కుక్క మీద అవి హాయిగా పెరుగుతుంటాయి. అన్నిటికీ ఒకే రోజు, దేనికి తగ్గ మందు దానికి, కనీసం మూడు నెలలు ఆపకుండా ఇవ్వాలి. అలర్జీ అని ఖాయమైన జంతువుకి మాత్రం ఏడాది పొడవునా.

మొదటి నెలలో ఒకటి గుర్తుంచుకోండి, లేకపోతే టెన్షన్ పడి మందు మార్చేస్తారు. మాత్ర వేసిన రెండు మూడు వారాల తర్వాత కూడా కొత్త ఫ్లీలు కనబడతాయి, ఒక్కోసారి ముందుకంటే ఎక్కువగా. అవి గూళ్లలోంచి ఇప్పుడు బయటికొస్తున్నవి, అందుకే మందు పని చేయలేదని అనుకోకండి. అవి ఎక్కుతాయి, చస్తాయి, గుడ్లు పెట్టకుండానే. మా రాణికి ఆరో వారంలో దువ్వెనకి ఏమీ రాని రోజు వచ్చింది, పదో వారానికి తోక మీద మెత్తగా కొత్త బొచ్చు మొలిచింది, నల్లబడిన చర్మం తేటపడటానికి ఇంకా చాలా నెలలు పట్టింది.

తెల్లటి బియ్యపు గింజల్లాంటివి మలంలోనో తోక కిందో కదులుతూ కనబడితే అవి బద్దెపురుగు ముక్కలు. ఫ్లీని నమిలి మింగినప్పుడు దానిలోని బద్దెపురుగు పిల్ల లోపలికి చేరుతుంది, అందుకని ఫ్లీ అలర్జీ వచ్చిన ప్రతి కుక్కకీ పిల్లికీ ప్రాజిక్వాంటెల్ ఉన్న నులిపురుగుల మందు గురించి కూడా డాక్టర్‌ని అడగండి. నులిపురుగుల మందు ఒక్కటే ఇచ్చి ఫ్లీలను వదిలేస్తే నెలకి మళ్లీ అవే ముక్కలు.

మూడు నెలలు ఇవన్నీ తప్పకుండా చేశాక కూడా దురద సగమైనా తగ్గకపోతే, అప్పుడు తిండి అలర్జీ పరీక్షకి వెళ్లాలి, ఎనిమిది వారాల పాటు ఇంతకుముందు ఎప్పుడూ తినని ఒకే రకం మాంసం, ఒకే రకం పిండిపదార్థం పెట్టి చూడటం. దాన్ని ముందు చేయకండి, మేము అలాగే తిరగేసి చేశాం. ఫోన్‌లో మాత్ర తేదీకి రెండు అలారాలు పెట్టుకోండి, ఒకటి మందు కొనడానికి వారం ముందు, ఒకటి వేసే రోజుకి. మా ఇంట్లో ప్రతి నెలా ఐదో తారీఖున మోగుతుంది, ఆ చప్పుడు వినగానే రాణి వంటగది గుమ్మం దగ్గరికి వచ్చి కూర్చుంటుంది, మాత్ర దానికి చికెన్ ముక్కలా రుచి.